పుదీనా నూనె చుక్క

రేవులో పీపా కారితే, కారిన సరుకును తుడిచిన కూలీలే పంచుకోవడం ఆనవాయితీ. దాన్ని దొంగతనమని ఎవరూ అనరు, యూనియన్ వాళ్లు కూడా. అలా దొరికిన సీసాడు పుదీనా నూనెతో రేవు కూలీ గవరయ్యకు, తెలుగు కూలీలుండే వాట్‌గంజ్ సందులో పెద్ద పేరొచ్చింది. తలనొప్పికీ పంటినొప్పికీ అందరూ ఆయన గుమ్మంలోకే. బజారు నూనె కల్తీ అనీ, తనది అసలు సరుకనీ మీసం మెలేసేవాడు. ఆ అసలు సరుకే ఆయన కొంప ముంచింది.

ఆ ఉదయం పసిగుడ్డు మనవరాలికి ముక్కు దిబ్బడేసింది. కోడలు నాగేశ్వరి వీధి కుళాయి దగ్గరుంది. తాత ప్రేమ ఆగుతుందా? వేలికొసతో నూనె తీసి పాప ముక్కు లోపల రాశాడు. పాప ఉలిక్కిపడింది. ఏడవలేదు. ఊపిరి తీసుకోవడమే మానేసింది. పెదవులు నీలంగా మారాయి.

టాక్సీలో ఆసుపత్రికి పరుగెత్తారు. నర్సులు ముఖానికి మాస్కు బిగించి గాలి కొట్టగా కొట్టగా చివరికి పాప కేరుమంది. డాక్టరమ్మ వంగి పాప ముఖం వాసన చూసింది.

"పుదీనా నూనె రాసిందెవరు? ఆ ఘాటుకు పసిపిల్లల గొంతు బిగుసుకుపోతుంది, ఊపిరి ఆగిపోతుంది!" అని బెంగాలీలో అరిచింది.

గవరయ్య ఆ వేలిని పంచెకు తుడుచుకున్నాడు. నాగేశ్వరి ఆయన ముఖం చూసింది. తానే రాశానని చెప్పేసింది. డాక్టరమ్మ తిట్టిన తిట్లన్నీ తల వంచుకుని పడింది. ఆయన పక్కనే నిలబడి విన్నాడు. సిగ్గులేకుండా విన్నాడు.

"ఎందుకలగ సెప్పినావమ్మా?" అని బయటికొచ్చాక అడిగాడు.

"పిల్ల బతికింది గదా మావా. నీ పరువు పోతే మల్లీ వస్తాదేటి?"

ఆ మాటకు ఆయనకు తన మీద తనకే అసహ్యమేసింది. రాత్రి అన్నం ముందు కూర్చుంటే వేళ్లకు ఇంకా ఆ వాసనే. కంచం పక్కకు నెట్టి లేచాడు.

మర్నాడు పాపను ఇంటికి తెచ్చేసరికి కబురు సందంతా పాకింది. పక్కింటి కాసులమ్మ మనవణ్ణి చంకనేసుకుని వచ్చి నాగేశ్వరిని చూసి మూతి తిప్పింది.

"తల్లివేనేటే నువ్వు? పసిపిల్లకి ఎంత రాయాలో తెలీదా?" అని, గవరయ్య వైపు తిరిగింది. "అన్నా, ఈడికీ జలుబు సేసింది. నీ సేత్తో ఓ సుక్క ఎయ్యి. నీకైతే తెలుస్తాది."

నాగేశ్వరి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"దాని తప్పేటీ లేదు కాసులమ్మా. రాసింది నానే," అన్నాడు గవరయ్య, సందంతా వినబడేలా. "నా మనవరాలి ఊపిరి ఆపింది ఈ సెయ్యే."

కాసులమ్మ మనవణ్ణి గుండెకు అదుముకుని, ఆ చెయ్యి అందనంత దూరం జరిగింది.