దుర్భిణి దాచిన చిరుత

నేను ఒక దుర్భిణిని. రెండు కళ్ళున్నాయి గాని నా సొంత చూపు దగ్గరి వరకే. ఎవరైనా వచ్చి వెనక తమ కళ్ళు ఆనిస్తే తప్ప దూరాన ఉన్నదేదీ నాకు కనిపించదు. అందుకేనేమో, నన్ను పట్టుకున్నవాళ్ళ గుణాలు నాకు తొందరగా అంటుకుంటాయి. ఇప్పుడు చెప్పబోయేది అసూయ అంటుకున్న సంగతి.

నేను పుట్టింది ఉత్తరాదిన ఒక కొండ ఊరి కార్ఖానాలో. గాజుబిళ్ళల్ని రోజుల తరబడి అరగదీసి, గొట్టాల్లో కూర్చి, పైన నల్లతోలు అంటించారు. మొదట కాకినాడ రేవులో ఓడలకు దారి చూపే ఒక పెద్దమనిషి మెడలో పదిహేనేళ్ళు వేలాడాను. ఆయన పోయాక మేనల్లుడు నన్ను గుంటూరు కాలేజీకి పట్టుకెళ్ళాడు. హాస్టలు మేడ మీంచి ఎదురింటి టీవీలో క్రికెట్టు స్కోరు చూడటానికి వాడుకున్నాడు. ఓడల జెండాలు చదివిన నాకు అది చిన్నతనంగానే ఉండేది. ఆ అబ్బాయికి జువాలజీ రికార్డులో బొమ్మలు వెయ్యడం చేతకాదు. క్లాసులో వకుళ అనే అమ్మాయి బాగా వేసేది. ఆమె అతని రికార్డు మొత్తం వేసిపెట్టింది, అతను నన్ను ఆమె చేతిలో పెట్టాడు. ఒక కప్పకీ, ఒక వానపాముకీ, రెండు బొద్దింకలకీ బదులుగా నేను చేతులు మారాను.

వకుళ తెనాలిలో లెక్చరరయింది. ముప్పై ఏళ్ళు పిల్లలకు సింహం గురించీ ఏనుగు గురించీ పాఠం చెప్పింది గాని, ఆమె చూసినవన్నీ జూలో ఉన్నవే. ఆదివారాలు మాత్రం నన్ను మెడలో వేసుకుని ఉప్పలపాడు చెరువుకి వెళ్ళి కొంగల్నీ గూడబాతుల్నీ చూసేది. మా ఇద్దరికీ ఆ కాస్త లోకం చాలింది. నా తోలుపట్టీ మూడుసార్లు తెగింది, మూడుసార్లూ తనే కుట్టించింది.

రిటైరైన ఏడాదికి, విజయవాడ నుంచి ఒక బృందం టాంజానియా అడవులకు వెళ్తోందని తెలిసి వకుళ పేరు రాయించుకుంది. వాళ్ళాయన పురుషోత్తానికి అడవి అంటే దోమలే గుర్తొస్తాయి. అతని తమ్ముడికీ అంతే. అందుకని ఆమె వెంట తోడికోడలు హైమ బయలుదేరింది. హైమ మెడలో కొత్త కెమెరా ఉంది. దాని లెన్సు మోచెయ్యంత పొడుగు.

దాన్ని చూసిన క్షణం నుంచే నాకు పడలేదు. నాలోంచి పోయినదేదీ నాలో నిలవదు. కొంగ ఎగిరిపోతే నా దగ్గర ఈక కూడా మిగలదు. ఆ కెమెరా మాత్రం చూసిన ప్రతిదాన్నీ కడుపులో దాచుకుంటుంది.

విమానంలో హైమ చెప్పింది. "మా నాన్న మార్కాపురం దగ్గర ఫారెస్టు గార్డు కదక్కా. ఒక్కసారి చిరుతపులి ఎదురుపడిందంట. ఆ కథ చెప్పకుండా మాకు అన్నం పెట్టేవాడు కాదు. మిగతావి కనపడినా కనపడకపోయినా, నాకు చిరుత కనపడితే చాలు."

"చూద్దువుగానిలే" అంది వకుళ. అప్పటికి మనస్ఫూర్తిగానే అంది.

మొదట తరంగిరే అడవి. వీళ్ళిద్దరికీ ఒక జీపు, దానికి జోసెఫ్ అని నెమ్మదైన డ్రైవరు. వకుళ జీపు పైకప్పులోంచి నిలబడి నన్ను కళ్ళకు ఆనించగానే ఏనుగుల మంద కనపడింది. చివరన ఒక గున్న, తొండం ఏం చేసుకోవాలో తెలియక ఊపుకుంటూ నడుస్తోంది. వకుళ ఒక చేత్తో హైమ భుజం తట్టింది. "హైమా, అటు చూడు, ఆ పెద్ద చెట్టు వెనక" అంది. టకటకమని కెమెరా చప్పుడు.

రెండోరోజు మన్యారా సరస్సు దగ్గర ఒక పాలపిట్ట కనపడింది. మన పాలపిట్టకు చుట్టం, గొంతు కింద మాత్రం లేత వంకాయ రంగు. చూసిందీ, పేరు చెప్పిందీ వకుళ. సాయంత్రానికి ఆ పిట్ట ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో హైమ ఫొటోగా వాలింది. పదిహేను మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. పురుషోత్తం ఇలా రాశాడు: "భలే పట్టావమ్మా హైమా. మీ అక్కకి కూడా కాస్త నేర్పు."

వకుళ ఆ మాట రెండుసార్లు చదివి ఫోను బోర్లించింది.

ఆ తర్వాత ఆమె నన్ను పట్టుకునే తీరు మారింది. న్గొరొంగొరో లోయలో దూరంగా బూడిదరంగు బండలాంటి ఖడ్గమృగాన్ని కనిపెట్టింది గాని, హైమకు చూపించడానికి కాసేపు ఆగింది. చూపించినప్పుడు అది కెమెరాకు మసక మరకలాగే దక్కింది. ఆ పూట వకుళ అన్నం బాగా తింది. నేనూ లోలోపల సంబరపడ్డాను.

అయిదోరోజు ఉదయం సెరెంగెటిలో ఉన్నాం. జీపుకి కుడివైపు గడ్డిలో మూడు సింహాలు పడుకున్నాయి. జోసెఫ్ రేడియోలో పక్క జీపులవాళ్ళతో మాట్లాడుతున్నాడు. వెనక సీట్లోంచి హైమ సింహాల్ని తీస్తోంది. వకుళ ఊరికే ఎడమవైపు తిరిగి నన్ను ఎత్తింది.

తుమ్మచెట్టు కొమ్మ మీంచి ఒక తోక వేలాడుతోంది. తోక వెంట పైకి వెళితే, నాలుగు కాళ్ళూ కొమ్మకు అటూ ఇటూ వదిలేసి పడుకున్న చిరుతపులి. దాని వీపు పక్కన ఆకుల్లో ఇంకో చిన్న మొహం. పిల్ల. తల్లి చెవిని నోటితో పట్టుకుని లాగుతోంది.

ఇన్నేళ్ళలో అంత అందమైనది నాలోంచి పోలేదు. వకుళ ఊపిరి నా అద్దాల మీద ఆవిరిలా పట్టింది. నోరు తెరిచింది. మళ్ళీ మూసింది.

"ఏంటక్కా చూస్తన్నావు?" వెనక నుంచి హైమ అడిగింది.

"ఏదో పిట్టలే."

నాకు సంతోషమే కలిగింది, అబద్ధమెందుకు. ఇది మాది, ఆ కెమెరాకు దక్కదు అనుకున్నాను. కాసేపటికి జోసెఫ్ బండి కదిలించాడు. చెట్టు వెనకబడింది.

సాయంత్రం నాలుగింటికి గుడారాల దగ్గరికి చేరి, బయట కుర్చీల్లో టీ తాగుతున్నారు. హైమ కెమెరా తెరలో ఆనాటి ఫొటోలు ఒక్కొక్కటే జరుపుతూ, ఒకచోట ఆగి పెద్దది చేసి చాలాసేపు చూసింది. తర్వాత కెమెరా వకుళ చేతిలో పెట్టింది.

పొద్దున సింహాల మధ్యలో ఇటు తిరిగి తీసిన ఫొటో అది. పైకప్పులోంచి నిలబడిన వకుళ, వెనకవైపు నుంచి. ఒక చెంప కనపడుతోంది. కళ్ళ దగ్గర నేను. మాకు అవతల, మసగ్గా, తుమ్మచెట్టు. కొమ్మ మీంచి వేలాడే తోక.

"పిట్టకి అంత పొడుగు తోకుంటదా అక్కా?"

వకుళ టీ గ్లాసు కింద పెట్టింది. "చూశాను. నీకు చెప్పబుద్ధి పుట్టలేదు."

"ఎందుకని?"

"చెప్తే అదీ నీదైపోద్ది హైమా. అయిదు రోజుల్నించీ చూసేది నేను, పేరు నీది. మీ బావగారు కూడా నిన్ను చూసి నేర్చుకోమంటన్నారు."

హైమ కెమెరా తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఒక్కమాటకే నీకట్టా ఉంది. నేనా ఇంట్లో అడుగుపెట్టిన రోజు నించీ అత్తయ్య నోట అదేగా. వకుళని చూడు, వకుళలా మాట్లాడు. ఇరవయ్యారేళ్ళు విన్నా. నీ పక్కన కూర్చుని నేనూ చూస్తానే ఉంటానక్కా, నాకు గడ్డి తప్ప ఏం కనపడదు. అందుకే ఇది కొన్నా. దీంతోనన్నా నీ పక్కన నిలబడొచ్చని." కెమెరా పట్టీ వేలికి చుట్టుకుంది. "మా నాన్న సంగతి నీకు చెప్పినాక కూడా దాచావు. అదే కష్టంగా ఉంది."

వకుళ తల ఎత్తలేకపోయింది.

మర్నాడు తిరుగు ప్రయాణం. తెల్లారగానే వకుళ జోసెఫ్ దగ్గరికి వెళ్ళి, దారి మార్చి ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్ళమని అడిగింది. అతను వాచీ చూసుకుని సరేనన్నాడు. కొమ్మ మీద సగం తిన్న జింక కాళ్ళు వేలాడుతున్నాయి. చిరుత లేదు. రెండు గంటలు కాచుక్కూర్చున్నారు. విమానం అందదని జోసెఫ్ తాళం తిప్పబోతుంటే హైమ అతన్ని ఆగమని, వకుళ వైపు చెయ్యి చాచింది.

"ఆ దుర్భిణి ఇటియ్యి. ఏ కొమ్మ మీద?"

వకుళ నన్ను మెడలోంచి తీసి ఆమె మెడలో వేసింది. వెనక నిలబడి, భుజాలు పట్టుకుని చెట్టు వైపు తిప్పింది. "రెండోది. అక్కడ వంపుంది చూడు, అక్కడ గడ్డం ఆనించింది. ఎడం కాలు ఇట్టా వదిలేసింది. పిల్ల ఆ ఆకుల్లో ఉంది. తల్లి చెవి లాగతా ఉంటే, ఆవిడ విసుక్కుని మొహం తిప్పుకుంది."

"ఏ చెవి?"

"కుడి చెవి."

ఖాళీ కొమ్మనే ఆమెకు చూపిస్తూ ఉండిపోయాను. హైమ కళ్ళ తడి నా అద్దాలకు అంటింది. నాకు మొదటిసారి సిగ్గేసింది. దాచింది వకుళ ఒక్కతే కాదు.

హైమ వకుళని క్షమించిందో లేదో నేను చెప్పలేను. విమానంలో పక్కపక్కనే కూర్చున్నారు, ఒకే దుప్పటి కప్పుకున్నారు. గ్రూపులో చిరుత సంగతి ఎవరూ రాయలేదు. నెల తర్వాత హైమ, వకుళా తోకా పడిన ఆ ఫొటోను పెద్దది చేయించి, చట్రం కట్టించి తెనాలి తెచ్చింది. వకుళ దాన్ని ముందుగదిలో తగిలించింది. వచ్చినవాళ్ళు వకుళనే చూస్తారు, తోక ఎవరికీ కనపడదు.

ఇప్పుడు నన్ను దాని ఎదుటి గోడకి మేకుకి తగిలిస్తున్నారు. కుడి అద్దంలో బూజు మొదలయింది. ఉప్పలపాడుకి ఆదివారాలు ఇద్దరూ వెళ్తున్నారు. కొన్నిసార్లు నన్ను కాదని కెమెరానే పట్టుకెళ్తారు. కుళ్ళుకోవడం నాకింకా పోలేదు. అలాంటి రోజున ఆ ఫొటో వైపు చూస్తాను. అందులో వకుళ ఉంది, చిరుత ఉంది, నేనున్నాను. కెమెరా మాత్రం లేదు.