మూలన పసుపు

కొత్త బట్టకు మూలన పసుపు పెట్టకుండా మా ఇంట్లో ఎవరూ కట్టుకోరు. పట్టుచీరకైనా, మా ఆయన బాపిరాజుగారి లుంగీకైనా అంతే. ఈ అలవాటు ఏదో ఒకనాడు భౌతికశాస్త్రం మీద పడుతుందని నేను అనుకోలేదు.

దసరాకు మా అక్క కూతురు ప్రశాంతి హైదరాబాదు నుంచి విశాఖపట్నం వెళ్తూ కొత్తపేటలో మా ఇంట్లో ఆగింది. విశాఖలో పరిశోధన చేస్తోంది. బ్యాగులో చిన్న పెట్టె, అందులో గోరంత గాజుపలకలు అయిదు. ఒక్కో పలక మీద కంటికి కనబడని కోబాల్టు చుక్కలు లక్షల్లో ఉన్నాయట. ఒక్కో చుక్కా ఒక అయస్కాంతమట.

"వేలు తగలకూడదు పిన్నిగారూ," అని చెప్పి స్నానానికి వెళ్ళింది.

నేను వేలు తగలనివ్వలేదు. అగ్గిపుల్ల కొసకు తడిపసుపు అద్ది, ఒకటో పలక మూలన ఆవగింజంత పెట్టి మూత వేశాను. కొత్తవి కదా.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం ప్రశాంతి వీడియో కాల్ చేసింది. మొహం వెలిగిపోతోంది.

"పిన్నిగారూ, ఒకటో పలక అద్భుతం చేసిందండి! కంటికి ఆనీ ఆనని ఎర్ర లేజరు కొడితే, చుక్కల మీద పడి రవ్వంత వెలుగు ఊదారంగులోకి మారి తిరిగొస్తుంది. అయస్కాంతాన్ని అటూ ఇటూ తిప్పితే ఆ ఊదా పెరుగుతుంది, తగ్గుతుంది. అదే నా థీసిస్సు. మిగతా నాలుగు పలకలూ బుద్ధిగానే ఉన్నాయండి. ఒకటోది మాత్రం వంద రెట్లు వెలుగుతోంది. ఎటు తిప్పినా చలించదు! మా సారు 'మొండి వెలుగు' అని పేరు పెట్టేరు. అయిదింటికల్లా పెద్ద సదస్సుకి వ్యాసం పంపాలి. మొదటి వాక్యం ఇదే."

"ఏ రంగే ఆ వెలుగు?"

"పచ్చగానండి."

"పచ్చంటే? ఆకుపచ్చా, పసుపుపచ్చా?"

"రెండిటికీ మధ్యన. ఎందుకండి?"

నేను డిగ్రీ చదివేటప్పుడు ల్యాబులో పసుపు రాసిన కాగితాన్ని ఊదా దీపం కింద పెడితే అచ్చం అలాగే మెరిసింది.

"పలక మూల దగ్గరేనా?"

"ఆయ్. మూల నుంచే కొలుస్తాం. మీకెలా తెలుసండి?"

పక్కన పేపరు చదువుతున్న మా ఆయన తల ఎత్తారు. "మీ పిన్ని పసుపు పెట్టని కొత్త వస్తువు ఈ ఇంట్లో ఉందేంటమ్మా? మొన్న గ్యాసు పొయ్యికి కూడా పెట్టింది."

నోరు మూసుకుంటే నేను తప్పించుకుంటాను. కానీ ఎవరో ఒకనాడు ఆ మూల కడిగి చూస్తారు. అప్పుడు సదస్సు నవ్వేది నన్ను చూసి కాదు. చెప్పేశాను.

"పిన్నిగారూ...!" అన్న పిలుపు విశాఖ నుంచి ఫోను లేకుండానే వినిపించేలా వచ్చింది.

"తిట్టడం తర్వాత. మూడున్నరైంది. సబ్బుకు పోదు, స్పిరిటులో దూది ముంచి ఆ మూల తుడువు. ఉత్త గాజు మీద కాస్త పసుపు రాసి అదే లేజరు కొట్టు. అదీ మెరిస్తే దోషిని నేనే."

"సారుకి ఏం చెప్పనండి?"

"జరిగిందే చెప్పు. కావాలంటే నన్ను లైనులోకి పిలు."

"మీరొద్దులెండి," అని పెట్టేసింది.

అయిదుకు పది నిమిషాలుందనగా మళ్ళీ ఫోను.

"తుడిచేనండి. మొండితనం పోయింది. ఇప్పుడు అయిదు పలకల వెలుగూ ఒక్కలాగే పెరుగుతోంది, తగ్గుతోంది. మొదటి వాక్యం కొట్టేసి పంపేసేను."

"పసుపు గాజు?"

"దీపంలా వెలిగిందండి, మీ పేరు చెప్పుకుని."

"మీ సారు తిట్టేరా?"

"లేదండి. కాసేపు పైకప్పు చూసేరు. తర్వాత లేచెళ్ళి, కొత్త లేజరు వెనక దసరాకి తను పెట్టిన బొట్టు కర్చీఫుతో తుడిచేరు."

మా ఆయన పేపరు చాటున నవ్వుతున్నారు.

"ఇంకోటండి," అంది ప్రశాంతి గొంతు తగ్గించి. "లేజరు సరైన చోట పడుతోందో లేదో చూసుకోడానికి ఆ పసుపు గాజు భలే పనికొస్తోందట. మీరు మర పట్టించిన పసుపు ఓ పొట్లం పంపమన్నారు."

మర్నాడే పొట్లం కట్టి, చిరునామా వంకర లేకుండా రాశాను. కవరు కొత్తది. కుడివైపు మూల మాత్రం బోసిగా ఉంది.