మైకు అందుకోని మాట

పదేళ్లుగా మా చర్చిలో మైకులు బిగించేది నేనే. అందరి ప్రార్థనలూ ఖంగుమని వినిపిస్తాను. నేను మాత్రం ప్రార్థన మొదలవగానే టీకి జారుకుంటాను.

కిందటి వారం నేను జ్వరంతో పడిపోతే, మైకు లేకుండానే అందరూ నాకోసం గొంతు చించుకుని ప్రార్థించారట.

ఈ ఆదివారం పొద్దున్నే వచ్చి, ఎవరో తొక్కి తెంపిన వైరును తిట్టుకుంటూ మోకాళ్లమీద కూర్చుని అతికించాను. మైకు పట్టుకుని "హలో" అనబోతే, "తండ్రీ, నేనే. పొగరెక్కి తిరిగాను. ఇక నీ ఇష్టం," అని నోట్లోంచి వచ్చింది.

వెనక బెంచీలు తుడుస్తున్న అక్క తలెత్తింది. "ఏంట్రా గొణుగుతున్నావు? మైకులో ఏమీ రావట్లేదు."

చూస్తే, మైకుకి పెట్టాల్సిన వైరు ఇంకా నా ఒళ్లోనే ఉంది.

"వినాల్సిన ఆయన విన్నాడులే అక్కా," అన్నాను.

ఆ రోజు టీకి వెళ్లలేదు.