కొండ దాటాక పిలుస్తానంది

కొండ దాటి వెనక్కి రాగానే పిలుస్తానంది చెల్లెలు. టీ చల్లారిపోయింది, వెచ్చబెట్టాను, మళ్ళీ చల్లారిపోయింది. రేడియోలో మాత్రం గుర్రుమనే మోత తప్ప పిలుపు లేదు.

చెల్లెలు నడిపేది గ్లైడర్. ఇంజిను ఉండదు. గాలి లేపినంతసేపు ఎగరడం, లేపకపోతే దొరికిన చోట దిగడం. కొండకు అవతల దిగుదామంటే అన్నీ రాళ్ళే. నేను కింద మోటర్‌హోమ్‌లో, అంటే మంచమూ పొయ్యీ ఉన్న బండిలో, రేడియో వింటూ కూర్చుని, ఎక్కడ దిగితే అక్కడికి వెళ్ళి తెచ్చుకుంటాను. అది గాల్లో ఉన్నంతసేపూ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చోవడమే నా పని.

ఇదంతా ఆ చార్జ్ కంట్రోలర్ వల్లేనని నాకు గట్టి అనుమానం. సోలార్ పలక నుంచి వచ్చే కరెంటును బ్యాటరీకి ఎంత పడుతుందో చూసి అంతే పోసే పెట్టె అది. గ్లైడర్‌కొకటి, బండికొకటి కొందామని నిన్న ఇద్దరం కొట్టుకెళ్ళాం. నేను బాగా పెద్దది చూపించి, రెండూ ఇవే తీసుకుందామన్నాను. చెల్లెలు సబ్బుబిళ్ళంత పెట్టె ఒకటి ఏరుకుంది.

"నాకిది చాలక్కా. రేడియో పక్కన ఉండేది నోరు మూసుకుని ఉండాలి."

అది స్క్రూలు ఏరుకుంటుంటే కొట్టతను నా వైపు తిరిగాడు. "పెద్దది కరెంటు బాగా ఇస్తుంది గానీ రేడియోకు పడదండీ. దగ్గర్లో రేడియో ఉందా?"

"రేడియో విమానంలో ఉంటుంది. ఇది బండికి," అన్నాను, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

పొద్దు వాలాక రెండూ బిగించి, రేడియోలో హలో హలో అనుకున్నాం. బ్రహ్మాండంగా వినిపించింది.

ఇప్పుడేమో ఈ మోత. బటన్ నొక్కి తిట్టాను. "ఆ బొమ్మ పెట్టె వద్దే అంటే విన్నావా? నీ బ్యాటరీ చచ్చి ఉంటుంది. మొండిఘటం!"

బటన్ వదిలితే గుర్రు.

"సరే, తిట్టను. పలుకు చాలు."

గుర్రు.

"నాకు భయంగా ఉందే. నువ్వు లేకపోతే ఈ బండి ఎవరి కోసం నడపాలి?" కళ్ళు తుడుచుకుని బటన్ వదిలాను.

అంతలో బండిని నీడ కమ్మింది. ఏదో మబ్బు. మోత సన్నగిల్లి, "...అక్కా..." అన్న ముక్క ఒక్కటి రాలింది. రేడియోకు చెవి ఆనించాను. ఇంకా వినేలోగా ఎండ కాసింది, మోత మళ్ళీ లేచింది.

ఎండ కాస్తే మోత. నీడ పడితే లేదు. నిన్న బిగించేసరికి ఎండ లేదు. నా చూపు మెల్లగా రేడియో కిందకు దిగి, జానెడు దూరంలో నేనే బిగించిన పెద్ద పెట్టె మీద పడింది. ఎండ తగిలి పనిచేసినప్పుడల్లా రేడియోలో గుర్రుమంటున్నది అదే. రేడియో విమానంలో ఉంటుందని కొట్లో గొప్పగా చెప్పిన మేధావిని నేనే, వారం వారం ఈ రేడియో ముందు కూర్చునేదాన్నీ నేనే.

వైరు ఊడదీద్దామంటే నేనే గట్టిగా బిగించిన స్క్రూ తిరగలేదు. మంచం మీది దుప్పటి లాక్కుని, నిచ్చెనెక్కి, పైకప్పు మీది పలకకు కప్పి, గాలికి ఎగిరిపోకుండా దాని మీదే బోర్లా పడుకున్నాను. మోత టక్కున ఆగింది. తెరిచి ఉన్న కిటికీలోంచి చెల్లెలి గొంతు పైకి వచ్చింది.

"పైకెక్కి పడుకున్నావేంటక్కా? నీ తిట్లన్నీ వింటూనే ఉన్నా. నా పిలుపే నీకు వినపడట్లేదని అర్థమై, ఇందాకటి నుంచి నీ నెత్తి మీదే తిరుగుతున్నా. ఆ ఏడుపాపి ఒక్కసారి పైకి చూడు."

వెల్లకిలా తిరిగాను. నా మీద నీడ వేసి పోయిన మబ్బు కింద, చప్పుడే లేకుండా, తెల్లటి రెక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. ఇంతసేపూ రేడియోకు చెవి అప్పగించి కూర్చున్నానే గానీ తలుపు తీసి పైకి చూడలేదు.

చెయ్యి ఊపబోతే దుప్పటి జారిపోయింది. కింద రేడియో మళ్ళీ గుర్రుమంది. పోతే పోనీ అని రెండు చేతులూ ఊపాను.