బండి మీది వంట ఇంటికి రాదు

పెళ్లయిన నాలుగో రోజు కరుణ చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఇంట్లో అందరికీ డబుల్ ఎగ్ నూడుల్స్ పార్సిల్ కట్టుకుని రావడం.

ఆమె మొగుడు హరీశ్‌ది ఇబ్రహీంపట్నం చౌరస్తాలో ఫాస్ట్‌ఫుడ్ బండి. యాచారం నుంచి బస్సెక్కి వచ్చి ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ కరుణ సాయంత్రం తిండి ఆ బండి దగ్గరే. మొదటి రెండేళ్లు "అన్నా, జర కారం ఎక్కువెయ్యి" అనేది. మూడో ఏడు 'అన్నా' మానేసింది. నాలుగో ఏడు కడుపులో పుండు పడి మూడు రోజులు దవాఖానలో సెలైన్ ఎక్కించుకుంటుంటే, హరీశ్ రోజూ రెండు కొబ్బరిబోండాలు పట్టుకొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. కంప్యూటర్ సైన్స్ చదివిన బుర్ర అక్కడే కరిగిపోయింది. ఉద్యోగం రాలేదు గానీ పెళ్లి మాత్రం అయింది.

ఆ సాయంత్రం బండి దగ్గరికి పోయి, హరీశ్ చుట్టూ మూగిన గిరాకీలకు ప్లేట్లు అందిస్తుండగా తనే మూడు పార్సిళ్లు కట్టుకుని ఇంటికొచ్చింది. అత్తమ్మ మాణిక్యమ్మ జొన్నరొట్టెలు కొడుతోంది. పక్క పొయ్యి మీద పాలకూర పప్పు ఉడుకుతోంది.

"ఏందిది?" అంది మాణిక్యమ్మ, కవర్ చూసి.

"నూడుల్స్ అత్తమ్మా. మన బండియే."

"మన బండియని నాకెరుకే. ఇంట్లకెందుకు తెచ్చినవ్?"

"తినేటందుకు."

పళ్లెంలో ఎలుకల మందు పెట్టుకొచ్చినదాన్ని చూసినట్టు చూసింది అత్తమ్మ. "బండి వెట్టి ఏడేండ్లాయె. గది ఒక్కనాడు గీ గడప దాటలే. మొన్న మిగిలింది కుక్కకేస్తే మూతి తిప్పుకొని పోయింది. పోయి మోరీల పారేసి, చేతులు కడుక్కొని రా బిడ్డా. రొట్టె సల్లారుతది."

మర్నాడు పొద్దున హరీశ్ తింటున్నప్పుడు, బండి తిండి ఇంట్లోకి ఎందుకు రాదని అడిగింది. అతను దాచలేదు. అదే ఆమెకు మింగుడుపడలేదు.

"నూనె ఫంక్షన్ హాల్‌ది. మూడు నాలుగు దావత్‌లకు కాగినంక డబ్బాలల్ల అమ్ముతరు. మంచి నూనె పోస్తే గా రేటుకు ప్లేటు ఎట్లిస్త?"

"నేను నాలుగేండ్లు తిన్న."

"అవ్."

"నాకు కడుపుల పుండైంది."

"అవ్. గందుకే గద బోండాలు తెచ్చిన."

"మరి అప్పుడే చెప్పకపోతివి?"

"అప్పుడు నువ్వు గిరాకీవి," అన్నాడు హరీశ్, రొట్టె తుంచి పప్పులో అద్దుకుంటూ. కోపంగా కాదు, వెటకారంగా కాదు. వర్షం పడేటట్టుంది అన్నంత మామూలుగా. ఇంట్లో వాడే పల్లి నూనె గానుగ దగ్గర గంటసేపు నిలబడి పట్టించుకొచ్చేదీ ఈ మనిషే.

దవాఖాన మంచం, కొబ్బరిబోండాలు అన్నీ కరుణ కళ్లముందు ఒకసారి తిరగబడ్డాయి. కానీ ఏడవడానికి తీరిక లేదు. చెల్లెలు తిరుమల అదే కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. "మా బావ బండి" అని గొప్పలు పోతూ రోజూ ముగ్గురు దోస్తుల్ని వెంటేసుకుని అక్కడికే వస్తుంది. నెల రోజులుగా కడుపులో మంట అంటోంది.

"తిరుమలకు ఎయ్యకు," అంది కరుణ.

"నలుగురి ముంగట సొంత మరదల్ని తినొద్దంటే మిగిలినోళ్లు తింటరా? ఇంటికాడికెల్లి ఏమన్న తెచ్చి పెట్టుకో, నేనొద్దన్న. బండికాడ నోరు మాత్రం జారకు. జారితివా, రేపటికెల్లి ఈ రొట్టె గూడ ఉండది."

తిరుమలకు చాటుగా చెబుదామా అనుకుంది. తిరుమలకు చెబితే కాలేజీ మైకులో చెప్పినట్టే. పొద్దు తిరిగేసరికి చౌరస్తా అంతా తెలుస్తుంది. ఫోన్ చేతిలోకి తీసుకుంది, మళ్లీ పక్కన పెట్టేసింది.

ఆ సాయంత్రం స్టీలు డబ్బాతో బండి పక్కన నిలబడింది. నలుగురు పిల్లలూ రానే వచ్చారు.

"బావా, నాలుగు డబుల్ ఎగ్," అంది తిరుమల.

"మూడే," అంది కరుణ. "నీకు రొట్టె తెచ్చిన."

"రొట్టెనా? నాకేమన్న షుగరొచ్చిందా అక్కా?"

దోస్తులు పడీ పడీ నవ్వారు. "పెండ్లయి వారం గాలే, మీ అక్క అప్పుడే అత్త లెక్క తయారైందే," అంది నవనీత. నవనీత హాస్టల్ పిల్ల, చీపురుపుల్లలా ఉంటుంది. మెస్సులో ముద్ద దిగక, రోజులో కడుపు నిండా తినేది ఈ ఒక్క పూటే.

తిరుమల డబ్బా ఒళ్లో పెట్టుకుని మూతి ముడుచుకుంది. అది చూసి నవనీతకు జాలేసింది. తన ప్లేటులోంచి చెంచాడు నూడుల్స్ తీసి తిరుమల నోటి దగ్గర పెట్టింది. "పాపం, ఒక్క బుక్క తినవే."

కరుణ చెయ్యి తనంతట తనే లేచింది. చెంచా ఎగిరిపోయింది. ప్లేటు ఒరిగి సగం నూడుల్స్ నేలపాలయ్యాయి.

పెనం మీద గరిటె చప్పుడు ఆగింది. తింటున్నవాళ్లంతా తలలెత్తారు. హరీశ్ కరుణ వైపు చూశాడు.

ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కరుణ చెల్లెలి వైపు చూసింది, నవనీత వైపు చూసింది.

"దానికి గుడ్డు పడదు," అంది. "డాక్టర్ చెప్పిండు. తింటే మొఖమంత ఉబ్బుతది."

"నాకా? ఎప్పుడు చెప్పిండు?" అంది తిరుమల.

"నోర్మూసుకొని తిను."

గరిటె మళ్లీ ఆడింది. తలలు మళ్లీ ప్లేట్లలోకి వంగాయి.

నవనీత ముఖం చిన్నబోయింది. "సారీ అక్కా, నాకు తెల్వదు. దీని నసీబు మంచిది. నేను తిన్ననా లేదా అని అడిగేటోళ్లు మా ఇంట్ల ఒక్కలు లేరు." సిగ్గుపడుతూనే ప్లేటు చాపింది. "సగం కిందవడ్డది. జర ఎయ్యవా?"

హరీశ్ గరిటె కరుణ చేతికిచ్చాడు. ఆమె తీసుకుంది. ప్లేటు మీద పరిచిన పాలిథీన్ కవర్ కనబడకుండా అంచుల దాకా నింపింది. నవనీత నిలబడే తింది, ఒక్క పోగు కూడా మిగల్చకుండా. ఆ పక్కనే తిరుమల గొణుక్కుంటూ రొట్టె నములుతోంది.

"గింత ఎవ్వరెయ్యరక్కా," అంది నవనీత, వేళ్లు నాక్కుంటూ. "రేపు గూడ నువ్వే ఉంటవా?"

"ఉంట," అంది కరుణ. "జల్ది రా. ఏడు దాటితే మంది ఎక్కువైతరు."