కదలని బస్సు

డిపోలో ఆవిడను అందరూ నిదానమక్క అనేవారు. పసుపు దీపం కనబడితే చాలు, ఆవిడ కాలు బ్రేకు మీదికి వెళ్ళిపోయేది. పంతొమ్మిదేళ్ళుగా సిటీబస్సు నడుపుతున్నా ఒక్క నోటీసూ రాలేదు. అందుకే కొత్త డ్రైవర్లకు నేర్పే శిక్షకురాలి ఉద్యోగానికి ఆవిడ పేరే ముందుంది. ఎంపికైనవారి జాబితా ఆ సాయంత్రమే అంటిస్తారు.

సరిగ్గా ఆ ఉదయమే నోటీసు పిడుగులా ఊడిపడింది. ఎర్రదీపం దాటిందట! తప్పు రుజువైతే జాబితాలో పేరు కొట్టేస్తారు.

అదే డిపోలో డ్రైవరైన మెరుపు బాబాయ్‌కి నవ్వు ఆగలేదు. రెండుసార్లు ఎర్రదీపం దూకి రెండు నోటీసులు అందుకున్న ఘనుడాయన.

"ఏమ్మా నిదానం! చివరికి నువ్వూ మా జట్టులోనే కలిశావన్నమాట!"

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా విచారణ అధికారి గదికి వెళ్ళింది.

ఆయన కూడలి కెమెరా తీసిన ఫోటోను తెర మీద చూపించాడు. "దీపం ఎర్రగా ఉంది, మీ బస్సు కూడలిలో ఉంది. ఇంకేం చెప్తారమ్మా?"

"కెమెరా రెండు ఫోటోలు తీస్తుంది కదా సార్. రెండోదీ తెరవండి."

ఆయన విసుక్కుంటూనే తెరిచాడు. ఆవిడ చక్రాల మీద వేలు పెట్టింది.

"రెండింటికీ మధ్య రెండు సెకన్లు. బస్సు అంగుళమైనా కదిలిందా? నేను పచ్చదీపంలోనే గీత దాటాను సార్. ఎదురుగా ఒకావిడ పసిపిల్ల బండి తోసుకుంటూ అడ్డం వస్తే ఆపేశాను. వెనక చక్రాలు గీత మీద ఉండగానే దీపం ఎర్రబడింది. ఎర్రదీపం దూకేవాడెవడైనా నిలబడి దూకుతాడా?"

ఆయన ఫోటో పెద్దది చేసి చూశాడు. బస్సు ముందు చిన్న బండి చక్రం, దాన్ని పట్టుకున్న తల్లి చెయ్యి స్పష్టంగా కనబడ్డాయి. నోటీసు మీద 'రద్దు' అని రాసి సంతకం పెట్టాడు.

ఆవిడకు ఆనందం పట్టలేదు. జన్మలో మొదటిసారి నిదానం మరిచిపోయి మెట్లు రెండేసి చొప్పున దిగింది.

సాయంత్రం జాబితాలో మొదటి పేరు ఆవిడదే. దాని పక్కనే మరో కాగితం అంటించారు. రెండు నోటీసులు వచ్చిన డ్రైవర్లందరూ మళ్ళీ శిక్షణకు హాజరు కావాలట.

మర్నాడు తొమ్మిదింటికి ఆవిడ తరగతిలో అడుగుపెట్టి, ఆ రెండు ఫోటోలనూ గోడకు అంటించింది. మొదటి బల్ల మీద కుక్కిన పేనులా కూర్చున్నాడు మెరుపు బాబాయ్.

"పసుపు దీపం దగ్గర్నుంచి మొదలుపెడదాం బాబాయ్," అంది నిదానమక్క. "ఈసారి మాత్రం నేను చెప్పేదాకా కదలొద్దు!"