వానకు తగిన వరుడు

దావ్‌కు హ్వే ఊరి నదిలో ఒక పడవ, రేవులో మంచి చోటు ఉన్నాయి. విదేశీయులు బస్సు దిగేది అక్కడే. ఈ ఏడాది నుంచి ఇంగ్లిష్ మాట్లాడే పరీక్ష నెగ్గినవాళ్ళకే ఆ చోటు, తక్కినవాళ్ళు ఇసుక పడవల పక్కకు పోవాలని రేవు అధికారులన్నారు. భూగోళం పాఠాలు చెప్పి రిటైరైన, కాస్త ఇంగ్లిష్ వచ్చిన పొరుగువాణ్ణి కనుక ఆమె సాయంత్రాలు నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేది. నా భార్య పోయాక మా ఇంట్లో రెండో టీ కప్పు బయటికి వచ్చింది ఆ సాయంత్రాల్లోనే.

ఆమెకు విడి మాటలు వచ్చు, జతపరచడమే రాదు. జోరువానను 'స్ట్రాంగ్ రెయిన్' అనేది. 'హెవీ రెయిన్' అనాలని నేనంటే, ఎందుకని నిలదీసేది. కారణమేమీ లేదు, కొన్ని మాటలు కొన్నిటితోనే కాపురం చేస్తాయన్నాను.

"ఆ ముక్క ముందే చెప్పొద్దా మాస్టారూ? మన వీధిలో సగం పెళ్ళిళ్ళు నేను కుదిర్చినవేగా."

మా దేశంలో పన్నెండేళ్ళకు పన్నెండు జంతువుల పేర్లు, పెళ్ళి పొంతన చూసేది వాటితోనే. ఆ రోజు నుంచి ప్రతి మాటకూ ఒక పుట్టిన ఏడాది పెట్టింది. రెయిన్‌ది పాము ఏడాది, హెవీది గేదె ఏడాది, ఇద్దరికీ పొంతన కుదిరింది. స్ట్రాంగ్ పులి ఏట పుట్టాడు. పాముతో పడదు కానీ, గుర్రం ఏట పుట్టిన టీతో చక్కగా సర్దుకుపోతాడు. 'మేక్' మాత్రం తిరుగుబోతని తేల్చింది. మిస్టేక్ ఇంట్లోనూ ఉంటాడు, నాయిస్ ఇంట్లోనూ ఉంటాడు. 'డీప్ స్లీప్' జంట దగ్గర నేను నా భార్య పటం వైపు తిరిగాను. ఆమె టీ పోసి, తర్వాతి మాటకు జాతకం వేసింది.

పరీక్ష పెట్టింది ఒక కుర్ర ఆఫీసరమ్మ. ఇక్కడి వానాకాలం గురించి చెప్పమంది. దావ్ బొటనవేలితో వేళ్ళ కణుపులు లెక్కపెట్టసాగింది. కిటికీ బయట నిలబడ్డ నేను అద్దానికి ఇంకా దగ్గరగా జరిగాను. ఏమిటా లెక్క అని ఆఫీసరమ్మ అడిగితే, మాటలకు పొంతన చూస్తున్నానని దావ్ ఉన్నదున్నట్టు మా భాషలోనే చెప్పేసింది.

ఆ అమ్మాయి కలం కింద పెట్టింది. తనది కోడి ఏడాదట. తనకు ఎవరు సరిపోతారో ఇంగ్లిష్‌లో చెప్పమంది. వరసలో ఉన్న పడవవాళ్ళందరూ మెడలు చాచారు.

ఇక దావ్‌కు అడ్డేముంది? కోడికి గేదె ఏటివాడే తగినవాడని మొదలుపెట్టింది. 'గుడ్ మ్యాచ్', 'హ్యాపీ ఫ్యామిలీ', 'లాంగ్ లైఫ్' జంటలు జంటలుగా వచ్చి పడ్డాయి. పెళ్ళినాడు 'హెవీ రెయిన్' కురిసినా భయం లేదంది. ఒక్క జత కూడా విడిపోలేదు.

ఆఫీసరమ్మ గొంతు తగ్గించి మా భాషలో అడిగింది.

"పిన్నీ, మీ ఎరుకలో గేదె ఏటివాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఒకడున్నాడు తల్లీ, బుద్ధిమంతుడు. ముందు ఆ కాగితం మీద ముద్ర వెయ్యి."

ముద్ర ఎంత గట్టిగా పడిందంటే, సిరా కాగితం వెనక్కి దిగింది.